నడుము లేని మోత

2వ తారీఖు, సోమవారం

ఇది రిపేరు షాపులో మిగిలిపోయిన జాబ్ పుస్తకం. ప్రతి పేజీలో మూడు గళ్ళు: వస్తువు, కంప్లైంట్, చేసిన పని. సరే, నింపుతున్నాను. వస్తువు: అన్న. కంప్లైంట్: నోరు. చేసిన పని: ఏమీ లేదు, పళ్ళు కొరుక్కుంటూ ఇంటికొచ్చాను.

నిన్న ప్రాక్టీసులో రెండో పాట సగంలో ఉండగా చెయ్యెత్తి ఆపాడు.

"ఒరేయ్, వాయిస్తున్నావా, బస్సు కోసం నిలబడ్డావా?"

డ్రమ్ములు వాయించే డబ్బాగాడు కిసుక్కున నవ్వాడు. నా వేళ్ళ మీద బొబ్బలున్నాయి. వాయించకుండానే వచ్చాయా అవి?

"వాయిస్తున్నాను."

"వినపడట్లేదు."

"నీ గిటార్ తగ్గించు, వినపడుతుంది."

"నా గిటార్ తగ్గిస్తే పాటేముంటుందిరా?"

అదీ అన్న. పాటంటే ఆయన గిటారు. మిగతా ఇద్దరం దానికి పట్టిన దుమ్ము.

ఇరవై ఎనిమిదో తారీఖున ఒక హాల్లో జనం ముందు, హాలు ఓనర్ ముందు వాయించాలి. నచ్చితే ప్రతి శనివారం సాయంత్రం మాకే ఇస్తాడు. రెండేళ్ళుగా ఆ గ్యారేజీలో చెమటలు కారుస్తున్నది దీనికోసమే. అలాంటిది అన్న గిటార్ పెట్టె మూస్తూ, నా మొహం కూడా చూడకుండా అన్నాడు: "ఇరవై రెండులోపు నీ బేస్ వినపడకపోతే మా బావమరిదిని నిలబెడతాను. ఏమనుకోకు."

ఏమనుకోకు! వదిన తమ్ముడు. వరసకి నాకు బావ. ఆ వరసని పిలుపులోకి రానివ్వలేదు ఇంతవరకూ, రానివ్వను కూడా. లావు తీగల బేస్ గిటార్ పట్టుకుని ఏడాది కాలేదు వాడు. నాది ఆరేళ్ళు. తొమ్మిదో క్లాసులో బడి మానేసినప్పట్నుంచీ నేను వదలకుండా చేసిన పని ఇదొక్కటే.

తప్పు నాది కాదు. తీగ శబ్దాన్ని పెంచే నా ఆంప్‌ది. పన్నెండేళ్ళ ముసలిది. అన్న వెనకాలేమో బీరువా అంత ఆంప్. దాని ముందు ఎవడు వినపడతాడు?

4వ తారీఖు

షాపులో టంకం అక్కతో చెప్పాను. షాపు అక్కదే. ఆంపులు విప్పి టంకం పెట్టడంలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి. కాబట్టి అందరూ టంకం అక్క అనే అంటారు. అసలు పేరు పోస్ట్‌మ్యాన్‌కి మాత్రమే తెలుసు. నేను ఆమె దగ్గర నాలుగేళ్ళుగా స్పీకర్లలో అదిరి శబ్దం చేసే కాగితాలు చిరిగితే కొత్తవి అంటిస్తున్నాను.

"కొత్త ఆంప్ తీసుకుంటా అక్కా. శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ కూడా. కాలుతో తొక్కితే గోడలు ఊగాలి."

"గోడలు ఊగితే ఏమొస్తుంది?"

"మా అన్న నోరు మూతపడుతుంది."

అక్క బల్ల మీంచి తల ఎత్తలేదు. "కొనేటప్పుడు డబ్బాని తీసుకెళ్ళు. వాడు పక్కన డ్రమ్ములు కొడుతుంటే విని కొను. ఒక్కడివే విని కొనకు."

డబ్బాగాణ్ణా? నన్ను చూసి నవ్వినవాణ్ణా? చచ్చినా తీసుకెళ్ళను.

5వ తారీఖు

అన్న ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

7వ తారీఖు, శనివారం

కొన్నాను!

పెద్ద షాపులో అద్దాల గది ఉంది. తలుపేస్తే బయట మాట లోపలికి రాదు. టై కట్టుకున్న సేల్స్‌మ్యాన్ నాకు 'సార్' అని ఒకటే మర్యాద. ముందు నాలుగు చిన్న స్పీకర్లున్న ఆంప్ పెట్టాడు. శబ్దం స్పష్టంగా ఉంది కానీ చప్పగా ఉంది. తర్వాత ఒకటే పెద్ద స్పీకరున్నది. అబ్బ! తీగ ముట్టుకుంటే పొట్టలో పేగు కదిలింది.

నాబ్‌లు నేనే తిప్పాను. కింది స్వరాలది చివరిదాకా. పై స్వరాలది చివరిదాకా. మధ్యది ఎంత తగ్గిస్తే అంత బాగుంది. సున్నా చేసేశాను. మధ్యలో ఏముంటుంది, ముక్కుతో మాట్లాడినట్టుండే గోల తప్ప? అది పోగానే కింద ఉరుము, పైన కత్తి. ఆ తర్వాత ఎర్ర పెడల్ తొక్కాను. లారీ ఇంజను నా గుండెల్లో స్టార్టయినట్టుంది.

"మీ చేతిలో ఉంది సార్ అసలు విషయం," అన్నాడు సేల్స్‌మ్యాన్.

ఇన్నేళ్ళలో నా చేతి గురించి ఒక మంచి మాట అన్నవాడు వాడొక్కడే. నా ముసలి ఆంప్ అక్కడే ఇచ్చేసి ఇది తెచ్చుకున్నాను. ఇక వెనక్కి వెళ్ళేది లేదు.

8వ తారీఖు, ఆదివారం

అందరికంటే గంట ముందు గ్యారేజీకి వెళ్ళాను. అన్న అద్దెకుండే ఇంటి వెనకాలే ఉంది. తాళం చెవి ఒకటి నా దగ్గరా ఉంటుంది. అన్నీ తగిలించి ఒక్కణ్ణే వాయించాను. షట్టర్ గడగడలాడింది. వదిన కిటికీలోంచి తొంగి చూసి "ఇల్లు కూలుతుందయ్యా!" అంది. కూలనీ అనుకున్నాను.

వాళ్ళొచ్చారు. మొదలెట్టాం. అంతే.

ఎక్కడికి పోయిందో తెలియదు. వాయిస్తున్నది నేనే, వేళ్ళు కదులుతున్నాయి, కాళ్ళ కింద నేల అదురుతోంది, కానీ ఏ స్వరం వాయిస్తున్నానో నాకే తెలియడం లేదు. ఏదో దూరంగా వెళ్ళే రైలు. పల్లవి దగ్గర పెడల్ తొక్కాను. ఆ కాస్త రైలు కూడా వెళ్ళిపోయింది.

అన్న ఆపాడు. "అది తొక్కగానే మాయమైపోతున్నావేంట్రా?"

"నువ్వు వాల్యూమ్ పెంచావు!"

"నేను ముట్టుకోలేదు."

"నేను పెంచినప్పుడల్లా పెంచుతున్నావు, చూస్తున్నాను!"

నేను పెంచాను. అప్పుడు నిజంగానే అన్న పెంచాడు. డబ్బా చేతిలో కర్ర విరిగింది. ముగ్గురం మూడు కుక్కల్లా అరుచుకున్నట్టుంది పాట. చివరికి డబ్బాగాడు సీట్లోంచి లేచి, చెమట తుడుచుకుంటూ అన్నాడు: "ఆడలేక మద్దెల ఓడు అంటారు. మనవాడు ఇంకా నయం, మద్దెలే మార్చేశాడు."

అన్న నవ్వాడు. అన్న నవ్వడం చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమేం అన్నానో పూర్తిగా రాయను. "నీ పెళ్ళాం తమ్ముడు కాబట్టి వాణ్ణి తెస్తున్నావు" అన్నది మాత్రం రాస్తున్నాను, అది నిజం కాబట్టి. కిటికీలో వదిన లేదు. వినలేదనే అనుకుంటున్నాను.

9వ తారీఖు

నా తప్పేం లేదు.

12వ తారీఖు, గురువారం

ఇవాళ వాళ్ళు బావమరిదిగారితో వాయించి చూస్తారని డబ్బా చెప్పాడు. నేను వెళ్ళలేదు. గ్యారేజీ వెనక సందులోంచి వెళ్ళాల్సిన పని పడింది, అంతే.

వెంటిలేటర్‌లోంచి కనపడిన వాడి ఆంప్ ఎంతుందనుకున్నారు? స్టూలు అంత. జలుబు చేసినవాడు పాడినట్టుంది వాడి శబ్దం. డొక్కు. షాపులో పెడితే దాన్నెవడూ ముట్టుకోడు.

గోడ అవతల నుంచి వాడు వాయించిన ప్రతి స్వరం వినపడింది.

వినపడిందంటే బాగుందని కాదు. గోడ పల్చన. వాడి వైపు అన్న ఆంప్ తిప్పి ఉండడు. ఏదో ఒకటి చేసే ఉంటారు.

13వ తారీఖు

ఇవాళ గ్యారేజీ వైపు వెళ్ళలేదు. పొద్దున్నే నేరుగా షాపుకి వెళ్ళాను.

14వ తారీఖు

తలనొప్పి.

15వ తారీఖు, ఆదివారం

ప్రాక్టీసు జరగలేదు. అన్న ఆంప్ ఆన్ చేసి ఒక తీగ మీటాడు. ఫర్‌ర్ అంది. మళ్ళీ మీటాడు. మళ్ళీ ఫర్‌ర్. ముందున్న గుడ్డలోంచి టార్చి వేసి చూశాడు. స్పీకర్ కాగితం అంచు చుట్టూ అరచేతి పొడవు చిరిగి ఉంది.

ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. ఆ ఆంప్ కోసం నాలుగేళ్ళు రాత్రి షిఫ్టులు చేశాడు. అది మా ఇంట్లో అందరికీ తెలుసు.

16వ తారీఖు

అన్న ఆంప్ ఆటోలో వేసుకుని మా షాపుకే తెచ్చాడు. ఇంకెక్కడికి తీసుకెళ్తాడు? నేను, అక్క కలిసి దించాం. అక్క స్పీకర్ విప్పింది, అంచు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది.

"గిటార్‌కి ఇలా చిరగదు. దీంట్లో ఎవరో బేస్ పెట్టారు."

"బేసా?"

"కింది స్వరాలకి ఈ కాగితం ముందుకీ వెనక్కీ ఇంతింత కొట్టుకుంటుంది. దానికోసం చేసింది కాదిది. చిరిగిపోతుంది."

అన్న మొహం ఎర్రబడింది. "గురువారం వాడు అన్నాడు. 'బావా, ఒక్కసారి మీ పెద్దదాంట్లో పెట్టి చూడనా' అని. వద్దన్నాను. తాళం వేసి వచ్చింది కూడా వాడే." ఆ తర్వాత నా వైపు తిరిగి, ఎన్నాళ్ళకో నాతో మామూలుగా మాట్లాడాడు. "నువ్వు చెప్పిందే నిజంరా. పెళ్ళాం తమ్ముడని నెత్తికెక్కించుకున్నాను."

అక్క స్క్రూలు గిన్నెలో వేసుకుంటోంది.

పదమూడున గ్యారేజీకి వెళ్ళలేదని పైన రాశాను. నా పుస్తకంలో నేనే అబద్ధం రాసుకున్నాను. వెళ్ళాను. అన్న డ్యూటీకి, వదిన బజారుకి వెళ్ళాక తాళం తీశాను. ఈ బీరువా నాకుంటే నేనూ వినపడతానని చూద్దామనుకున్నాను. బేస్ పెట్టాను, ఎర్ర పెడల్ పెట్టాను, కింది స్వరాలు చివరిదాకా తిప్పాను. మూడు దెబ్బలు బ్రహ్మాండంగా ఉన్నాయి. నాలుగోదానికి కాగితం అరిచింది.

గిటార్ ఆంప్‌లో బేస్ పెట్టకండి అని కౌంటర్ దగ్గర రోజుకి ఇద్దరికైనా చెబుతాను నేను. బోర్డు రాసింది కూడా నేనే.

18వ తారీఖు

వాడు కాదన్నాడట. అన్న నమ్మలేదట. వదిన కూడా నమ్మలేదట. "పాడు చేసింది చాలక అబద్ధమా" అని తమ్ముడితో మాట్లాడడం మానేసిందట. అమ్మ చెప్పింది.

చెబుతూ నన్నెందుకు అలా చూస్తుందో అమ్మ.

19వ తారీఖు

నా ఆంప్‌ని షాపుకి తీసుకెళ్ళాను. "కంప్లైంట్ ఏంటి?" అంది అక్క.

"శబ్దం రావట్లేదు."

తగిలించింది. శబ్దం వచ్చింది, బల్ల మీద స్పానర్లు ఎగిరాయి.

"వస్తోందిగా."

"అందరూ ఉంటే రావట్లేదు!" అరిచాను. షాపులో ఇంకెవరూ లేరు కాబట్టి ఇంకా గట్టిగా అరిచాను. కొత్తది కొన్నాను, పెడల్ కొన్నాను, చేతులు పుళ్ళు చేసుకున్నాను, ఇంకేం చెయ్యాలి నేను అని.

అక్క లేచి రేడియో పెట్టింది. ఏదో పాట, డ్రమ్ములు, గిటార్లు, అన్నీ ఉన్నాయి. సౌండు బాగా పెంచింది. "దీంతో పాటు వాయించు."

వాయించాను. లేను. ఉరుము ఉంది, నేను లేను.

అక్క వచ్చి మధ్య నాబ్‌ని సున్నా నుంచి సగం దాటించింది. కిందిది తగ్గించింది. పైది తగ్గించింది. వాల్యూమ్ ముట్టుకోలేదు.

పాటలో నేను దొరికాను. ఒక్కో స్వరం మేకు దిగినట్టు దిగింది.

రేడియో ఆపేసింది. "ఇప్పుడు వాయించు." వాయించాను. ఛీ. అదే జలుబు. గోడ అవతల విన్న అదే జలుబు శబ్దం.

"ఇది దరిద్రంగా ఉంది అక్కా."

"ఒక్కడికీ దరిద్రంగానే ఉంటుంది. కింద డ్రమ్ము ఉంది, పైన మీ అన్న గిటారుంది. నీకు మిగిలింది మధ్యలో జాగా. దాన్నే నువ్వు సున్నా చేసుకుని కూర్చున్నావు."

తెల్ల టేపు ముక్క చింపి ఆ నాబ్ కింద అంటించి, మార్కర్‌తో రాసింది: నడుము.

"తప్పు," అన్నాను. నాకూ ఒకరి తప్పు దొరికింది కదా అని ఎంత హాయిగా ఉందో. "నడుమ అని రాయాలి. నడుము అంటే ఇది." నా వీపు మీద కొట్టుకుని చూపించాను.

"అదే రాశాను," అంది అక్క. "నడుము లేకుండా నిలబడతానంటే ఎలా నిలబడతావు?"

తర్వాత పెడల్ తీసుకుంది. అది గిటార్ వాళ్ళ కోసం చేసిందట, కింది స్వరాల్ని మింగేస్తుందట. ఒక చిన్న డబ్బీ చేసి ఇచ్చింది. సగం శబ్దం పెడల్‌లోంచి వెళ్తుంది, సగం మామూలుగా వెళ్తుంది. రెండూ చివర కలుస్తాయి. ఇస్తూ ఇస్తూ, నా మొహం చూడకుండానే అడిగింది.

"ఆ పెద్ద ఆంప్‌లో కూడా నడుము సున్నానే పెట్టావా?"

నేను డబ్బీ తీసుకుని వచ్చేశాను.

22వ తారీఖు, ఆదివారం

కొత్త కాగితం అంటించిన అన్న ఆంప్ వచ్చింది. అంటించింది నేనే. నా చేత్తోనే.

మొదటి పాట అవ్వగానే అన్న వెనక్కి తిరిగాడు. "ఏం చేశావురా?"

"ఏం చెయ్యలేదు."

"ఇదిరా బేసంటే. ఎక్కడ దాచావు ఇన్నాళ్ళూ?" డబ్బాగాడు కర్రలు గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. ఆరేళ్ళుగా ఈ మాట కోసం చచ్చాను. ఇవాళ వచ్చింది.

అన్న మీద కోపంగా ఉంది. ఇప్పుడే అనాలా?

24వ తారీఖు

వాడు షాపుకొచ్చాడు. స్టూలంత ఆంప్ చంకలో పెట్టుకుని. "ఎవరికైనా ఇచ్చెయ్యండి అక్కా, ఇక నాకు పనిలేదు" అన్నాడు. అక్క లోపలికెళ్ళింది, కావాలనే అనుకుంటా. మేమిద్దరమే మిగిలాం.

"నువ్వు కూడా నేనే అనుకుంటున్నావా?" అన్నాడు.

"నాకేం తెలుసు."

"మీ అన్న సంగతి సరే. మా అక్క ఫోన్ ఎత్తట్లేదు. వారం దాటింది."

"నాకెందుకు చెబుతున్నావు?"

తల ఊపి వెళ్ళిపోయాడు. అడగడం ఎందుకు? వచ్చిన పని చూసుకుని పోక, అడగడం ఎందుకు వాడికి? ఏ గొడవా లేకుండా నాలుగు రోజులు గడిపేద్దామంటే గడవనివ్వరు కదా ఎవరూ!

25వ తారీఖు

నాకేం తెలుసు అన్నాను. నాకేం తెలుసు.

27వ తారీఖు, శుక్రవారం

రేపే షో. ఆఖరి ప్రాక్టీసు బాగా కుదిరింది. వదిన టీ గ్లాసులు తెచ్చి పెట్టింది. ముక్కు ఎర్రగా ఉంది. అన్న గ్లాసు తీసుకుంటూ, "మీ తమ్ముడు ఉండుంటే ఈపాటికి నా గిటార్ కూడా చింపేవాడు" అన్నాడు. సరదాగానే అన్నాడు. వదిన వెళ్ళిపోయింది.

"వాడు కాదు," అన్నాను.

"ఏంటి?"

"వాడు కాదు, నేను. పదమూడున. తాళం తీసి నేనే పెట్టాను."

డబ్బా చేతిలో టీ అలాగే ఉంది. అన్న కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది, నేనూ కొట్టేవాణ్ణి, ఒక లెక్క తేలేది. అన్న గోడకి ఆనుకుని, దాదాపు ఏడుపు గొంతుతో అన్నాడు.

"రేపు షో అయ్యాక చెప్పి చావలేకపోయావా?"

వినండి! బావమరిదిని దొంగని చేశాడు, పెళ్ళాన్ని ఏడిపించాడు, తమ్ముడు రెండు వారాలు అబద్ధం మోశాడు, ఈయన బాధల్లా ఒక్కరోజు ఆగలేదనే. "రెండు వారాలు ఆగాను, చాలదా?" అని అరిచాను. "నువ్వు ఒక్కసారి నన్ను అడిగావా? బేస్ వాయించేవాళ్ళు ఇద్దరం ఉన్నాం, ఒక్కడినే ఎందుకు పట్టుకున్నావు?"

"నువ్వు నా తమ్ముడివి కాబట్టి, వెధవా!"



అన్న ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. వాడితో నేనే చెప్పాలట. చెప్పాను. "మా అక్కకి ఇవ్వు" అన్నాడు. ఇంట్లోకి వెళ్ళి ఇచ్చాను. వదిన నా మొహం చూడకుండా తీసుకుంది. రేపు వాయిస్తావా అని అన్న వాణ్ణి అడిగాడు. రేపు రానన్నాడట. "రేపటి తర్వాత మాట్లాడదాం" అన్నాడట.

కాబట్టి రేపు నేనే. ఇష్టమై కాదు. ఇంకెవరూ లేక.

29వ తారీఖు, ఆదివారం పొద్దున

హాలు చిన్నది, పై కప్పు ఎత్తు. సాయంత్రం ఆరింటికి ఎక్కాం. అన్న నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మొదటి పాట, రెండో పాట, నా ప్రతి స్వరం వెనక గోడకి తగిలి వచ్చింది. అదెలా ఉంటుందో ఎవరికి చెప్పను?

మూడో పాటలో ఒక స్వరం తప్పు వేశాను. ఒక్కటే. హాలు మొత్తం విన్నది. ముందు వరసలో ఒకావిడ తల ఎత్తింది. అన్న అప్పుడు చూశాడు.

ఇన్నాళ్ళుగా ఆ చోట ఎన్నిసార్లు తప్పు వేసి ఉంటానో! ఉరుములో ఎవడికి వినపడింది? నాకే వినపడలేదు.

హాలు ఓనర్ చివర్లో వచ్చి శనివారాలు మీవే అన్నాడు. "బేస్ బాగా వినపడిందయ్యా," అన్నాడు నాతో. "మూడో పాటలో మరీ బాగా."

ఆంపులు వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే అన్న చెప్పాడు, తాడు కడుతూ, తాడుతో చెబుతున్నట్టు. "వాడితో మాట్లాడాను. ఒక శనివారం వాడు, ఒక శనివారం నువ్వు. ముందు వాడు."

"ముందు వాడా?"

"ముందు వాడు."

"చెప్పింది నేనే కదా అన్నా. ఎవరూ పట్టుకోకుండా నా అంతట నేనే చెప్పాను. దానికేం విలువ లేదా?"

అన్న తాడు ముడి బిగించి, లాగి చూసుకున్నాడు.

"ఉంది," అన్నాడు. "అందుకేగా రెండో శనివారం ఇచ్చింది."